యాటనన్నా అడుగుతారు

మతంలో, నీతిలో, రాజకీయాల్లో త్యాగానికి అసలు అర్థం ఏమిటని అడిగారు. ఇచ్చేవాడు తన నోటితో ‘ఇస్తాను’ అంటేనే త్యాగం. తీసుకున్నవాడు దాన్ని ‘త్యాగం’ అంటే అది బలి. నాకు ఇది పుస్తకాల్లో దొరకలేదు, మా నాయనమ్మ దగ్గర దొరికింది.

మాది కొల్లాపూర్ వైపు. శ్రీశైలం డ్యాములో 885 అడుగుల దాకా నీళ్లు నిలపడానికి అటు కర్నూలు, ఇటు పాత పాలమూరు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో మా ఊరూ ఖాళీ అయింది. నేను పుట్టింది ఆ తర్వాత కట్టుకున్న కొత్తూర్లో.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కట్టమైసమ్మకు యాటను, అంటే బలి జీవాన్ని, కోస్తున్నారు. మా దిక్కు ముందు దాని మెడలో వేపమండలు కట్టి, నెత్తిన పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అప్పటిదాకా కత్తి ఎత్తరు. ఆ రోజు అది విదల్చలేదు. తాత రెండో చెంబు పోశాడు, మూడోది పోశాడు, నీళ్లు చెవుల మీంచి కారుతున్నా అది కదలకుండా తాత చేతి వైపే చూస్తోంది. ‘తల్లీ, తప్పుంటే చెప్పు’ అని అందరూ మొక్కుతున్నారు. అప్పుడు నాయనమ్మ ఎవరి మొహమూ చూడకుండా అన్నది: ‘యాటనన్న ఇంత సేపు అడుగుతున్నరు. మనల్ని ఎవలడిగిన్రు?’

తాత చెంబు కింద పెట్టేశాడు. కాసేపటికి అది విదిల్చింది, కోశారు. నాయనమ్మ ఆ పూట కూర ముట్టలేదు.

ఊరు ఖాళీ చేయించిన రోజు ఒకాయన వచ్చి ‘మీ త్యాగం మరువలేనిది’ అన్నాడట. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో 98 జీవో ఇచ్చారు, ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ మా చిన్నాయనకు వయసు దాటిపోయింది. మీటింగుల్లో ‘త్యాగం’ అన్న మాట వినబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మతం ఈ విషయంలో రాజకీయం కంటే నయం. దధీచి ఎముకలు కావాలంటే దేవతలే వెళ్లి అడిగారు. ఖురాన్‌లో ఇబ్రహీం తనకొచ్చిన కల కొడుక్కి చెప్పి, నీవేమంటావని అడుగుతాడు, కొడుకు ఒప్పుకున్నాకే ముందుకు పోతాడు. కష్టానికి భయపడి వదిలేస్తే త్యాగఫలం దక్కదని గీత 18వ అధ్యాయంలోనే ఉంది. భయపడి వదిలేస్తేనే దక్కదంటే, భయపెట్టి గుంజుకున్నది త్యాగం ఎట్లా అవుతుంది?

మరి తనంతట తానే ప్రాణం ఇస్తే? శ్రీకాంతాచారి మా పక్క అప్పటి నల్లగొండ జిల్లా పిల్లవాడు, 2009 డిసెంబరు 3న తెలంగాణ కోసం చనిపోయాడు. ఆ పేరు వింటే చేతులెత్తి మొక్కుతాను. కానీ చావునే గొప్పగా పొగుడుతుంటే ఆ మాటలు ఇంకో పిల్లవాడి చెవిన పడతాయి కదా, ఆ టెన్షన్ మైకు పట్టుకున్న ఎవరిలోనూ నాకు కనబడలేదు. పిల్లలు బతికుండి కొట్లాడాలి, మనం అడగాల్సింది అది.

ఇక నీతి అంటారా, అది ఇంట్లోనే తేలిపోతుంది. అప్పట్లో కొత్తూర్లో బడి లేదు. మా మేనత్త తమ్ముళ్లను హాస్టల్లో వేశారు, ఆమె చదువు మాన్పించారు. ‘తమ్ముళ్ల కోసం త్యాగం చేసింది’ అని ఇంట్లో అందరం నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాం, నేనూ చెప్పాను. పోయిన దసరాకు నేరుగా అడిగాను, ‘అత్తా, నువ్వే మానేసినవా?’ అని. బతుకమ్మకు తంగేడు పూలు తుంచుతున్న చెయ్యి ఆగింది.

‘ఆ యేడు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాయాల్సి ఉండె బిడ్డా’ అన్నది. ‘లెక్కలల్ల నేనే ఫస్టు.’