ఆఫీసు సంగతులు: బ్యానర్ సరే, ఆయనకు సీటేది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. ఈ మధ్యే ప్రమోషన్ మీద సూపరింటెండెంట్‌గా కొత్త ఆఫీసుకు వచ్చాను. నా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్‌కు పూర్తిగా చూపు లేదు. చేరి 14 నెలలైనా ఇంకా సీటు కేటాయించలేదు. టెలిఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. "పాపం, ఇబ్బంది పెట్టకండి" అంటారు అందరూ. ఇప్పుడు మా పై అధికారి డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం ఘనంగా చేద్దాం, "అందరూ మనవాళ్లే" అని బ్యానర్ కట్టి ఏదైనా ప్రోగ్రాం పెట్టమన్నారు. ఏం చేస్తే బాగుంటుంది?
- ఒక సూపరింటెండెంట్

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆయనకు శాలువా కప్పకండి.

33 ఏళ్లు ప్రభుత్వ ఆఫీసుల్లో చేశాను, డిసెంబరు 3లు చాలా చూశాను. ఉపన్యాసం, శాలువా, ఫొటో. 4వ తేదీ పొద్దున మళ్లీ అదే టెలిఫోన్ పక్కన కుర్చీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో పై అధికారి మాట్లాడారు, స్టాఫ్ మాట్లాడారు, మీరు మాట్లాడారు. ఆయన మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంతకీ ఆయన్ని అడిగారా?

మన ఆఫీసుల్లో సీటంటే కుర్చీ కాదని, ఫలానా ఫైళ్ల బాధ్యత అని మీకు నేను చెప్పక్కర్లేదు. సీటు లేని మనిషికి పర్సనల్ రిజిస్టర్, అంటే తనకొచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం ఉండదు, పెండింగ్ ఉండదు, మెమో రాదు. వినడానికి హాయిగానే ఉంటుంది. రేపు సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి "ఈయనకు ఫైలు నడపడం రాదండీ" అని అనేది కూడా ఈ "పాపం" అన్నవాళ్లే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపకూడదు. పని చేసుకోవడానికి తగిన సర్దుబాట్లు ప్రభుత్వ ఆఫీసే చేసిపెట్టాలి. మీరు చేయబోయేది దయ కాదండీ, డ్యూటీ.

ఇక అసలు పని. ఆయన కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ ఉందో లేదో చూడండి. తెర మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్ అది. ఎన్‌వీడీఏ అనేది ఉచితం, తెలుగూ చదువుతుంది. కాబట్టి బడ్జెట్ లేదనే మాట ఇక్కడ చెల్లదు. అడ్డం వచ్చేది అడ్మిన్ పాస్‌వర్డ్. మా ఆఫీసులో అది ఒకే ఒక్క మనిషికి తెలుసు, ఆయన ఎప్పుడూ క్యాంపులోనే!

సాఫ్ట్‌వేర్ పెట్టగానే అయిపోదు. మన ఆఫీసు తెలుగు దానికి అర్థం కావాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి మాత్రమే తెలుగు. తెర మీద "క" కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది ఏ ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. స్క్రీన్ రీడర్ ఆ పిచ్చిగీతలనే చదువుతుంది. మీకే అనుమానం ఉంటే ఓ పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. తెలుగే వస్తే అది యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి, పనికొస్తుంది. గజిబిజి వస్తే ఆయనకు వినపడేది కూడా అదే. నేటి నుంచి సెక్షన్‌లో డ్రాఫ్టులన్నీ యూనికోడ్‌లోనే కొట్టించండి. విండోస్‌తోపాటే వచ్చే నిర్మలా యూఐ ఫాంటు చాలు.

రెండోది స్కానింగ్. సర్క్యులర్ టైపు చేస్తాం, ప్రింటు తీస్తాం, సంతకం పెడతాం, మళ్లీ స్కాన్ చేసి గ్రూపులో పడేస్తాం. అంటే అక్షరాలున్న దాన్ని కష్టపడి బొమ్మగా మార్చి పంపుతున్నామన్నమాట! ఆ బొమ్మలో స్క్రీన్ రీడర్‌కు చదవడానికి అక్షరాలు దొరకవు. సంతకం ఉన్న స్కాన్ కాపీతోపాటు టైపు చేసిన ఫైలు కూడా జతచేయమని డిస్పాచ్‌కు చెప్పండి. దీనికయ్యే ఖర్చు సున్నా.

సీటు విషయానికొస్తే, ఆయనతో మాట్లాడాకే తేల్చండి. నన్నడిగితే సమాచార హక్కు దరఖాస్తుల సీటు ఇవ్వొచ్చు. 30 రోజుల గడువు లెక్క పెట్టుకోవడం, ఫలానా సెక్షన్ నుంచి సమాచారం రాబట్టడం, జవాబు డ్రాఫ్టు చేయడం. ఫోన్ దగ్గర 14 నెలలు కూర్చున్నాడు కదా, ఏ సెక్షన్‌లో ఎవర్ని పట్టుకుంటే పని జరుగుతుందో మీకంటే ఆయనకే బాగా తెలిసుంటుంది. చేతిరాత అర్జీలు మాత్రం ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అది ఎవరి పనో ఆర్డరులో రాయండి. "ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు" అని రాశారంటే ఎవరూ ఖాళీగా ఉండరు.

ఇదంతా పుట్టుకతో తెలిసినదానిలా చెబుతున్నాను గానీ, నేనూ తక్కువ తప్పు చేయలేదు. నా సెక్షన్‌లో వినికిడి లేని రికార్డ్ అసిస్టెంట్ ఒకాయన ఉండేవాడు. మీటింగ్ అయ్యాక ఏం తేలిందో చీటీ మీద ఒక లైను రాసిచ్చేదాన్ని, నా బాధ్యత తీరిందనుకునేదాన్ని. రెండేళ్లు అలాగే నడిచింది. ఒకరోజు అదే చీటీ వెనక్కి తిప్పి రాసిచ్చాడు: "మీటింగ్‌లో అందరూ నవ్వారు. ఎందుకు?" నాకు గుర్తు లేదు. గుర్తు లేదనే రాసిచ్చాను, సిగ్గేసింది. ఆ తర్వాతి మీటింగ్ నుంచి ఒకరు మాటలు ఎప్పటికప్పుడు టైపు చేస్తుంటే ఆయన తెర మీద చదువుకునేవాడు. మూడో మీటింగ్‌లోనే నాకు అడ్డు తగిలాడు. నేను పోయిందనుకుంటున్న ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పాడు.

మీ పై అధికారికి ప్రోగ్రాం కావాల్సిందే అంటే ఇలా చేయండి, అదీ ఆయన ఒప్పుకుంటేనే. మానిటర్ ఆపేసి, మీ ఆఫీసు ఈ ఏడాది పంపిన ఓ పది సర్క్యులర్లు స్క్రీన్ రీడర్‌తో అందరికీ వినిపించండి. ఎన్ని అర్థమయ్యాయో లెక్కపెట్టండి. పై అధికారి సంతకం చేసినవి కూడా అందులో ఉండేలా చూడండి.

ప్రశ్న: వికలాంగులు అనాలా, దివ్యాంగులా, విభిన్న ప్రతిభావంతులా? ఏదంటే ఏం తప్పో అని టెన్షన్.
- ఒక టైపిస్టు

జవాబు: ఆర్డర్లలో ప్రభుత్వం వాడే మాట వాడండి. మనిషిని మాత్రం పేరు పెట్టి పిలవండి.

ప్రశ్న: మేడమ్, మావారు ప్రభుత్వ డ్రైవరు. షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. "మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైర్మెంట్‌కు నువ్వే రాసిచ్చెయ్, పెన్షన్ అయినా వస్తుంది" అని ఆఫీసులో ఒత్తిడి చేస్తున్నారు. కాగితం కూడా టైపు చేసి ఇంటికి పంపారు. పిల్లలు చదువుకుంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక ఇల్లాలు

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని అదే చట్టం 20వ సెక్షన్‌లోని 4వ సబ్‌సెక్షన్ చెబుతోంది. డ్రైవింగ్ చేయలేకపోతే అదే పే స్కేలు ఉన్న మరో పోస్టుకు మార్చవచ్చు. అలాంటి పోస్టు ఖాళీ లేదంటే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ప్రత్యేకంగా సృష్టించిన అదనపు పోస్టులో ఉంచాలి. 1995 నాటి పాత చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో, పెన్షన్ ఇచ్చాం కాబట్టి ఈ రక్షణ వర్తించదన్న వాదనను సుప్రీంకోర్టు 2003లోనే కొట్టేసింది.

ముందు సదరం క్యాంపులో చూపు పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. దాన్ని జతచేసి, వేరే పోస్టు ఇవ్వమని మీవారి పేరుతో అర్జీ పెట్టండి. సెక్షన్ నంబరు అందులో రాయండి. జవాబు రాకపోతే గ్రీవెన్స్ రెడ్రెసల్ ఆఫీసరుకు ఫిర్యాదు చేయండి. ప్రతి ప్రభుత్వ ఆఫీసూ ఒకరిని నియమించాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడా తేలకపోతే జిల్లా స్థాయి కమిటీ ఉంది. అర్జీ ఎవరి చేతికో ఇచ్చి రావద్దు. ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకునే కదలండి.