రిపోర్టులో ‘స్ట్రెస్ జీన్’ అని వస్తే ఇక మారదా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమస్తాను. సీజన్ వస్తే గుండె దడ, రాత్రుళ్లు నిద్ర ఉండదు. మేలో యార్డుకు సెలవులిస్తే మామూలుగానే ఉంటాను. ఈమధ్య బీపీ చూపిస్తే 146/94 వచ్చింది. అమ్మకూ బీపీ ఉంది. ఆన్‌లైన్‌లో జన్యు పరీక్ష చేయించుకుంటే సీఆర్‌హెచ్‌ఆర్1 జన్యువులో తేడా ఉంది, మీరు ఒత్తిడి తట్టుకోలేరు అని రిపోర్టు ఇచ్చారు. పుట్టుకతో వచ్చింది ఇక మారదా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మేలో నిద్ర పడుతోందని మీరే రాశారు. మార్చిలో ఉన్న జన్యువే మేలోనూ ఉంది. మారింది మీ మీద పడే పని.

టెన్షన్ రాగానే మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే పదార్థాన్ని వదులుతుంది. 41 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది, 1981లో గుర్తించారు. పిట్యూటరీ గ్రంథి మీద ఆ కబురు అందుకునే రిసెప్టర్ ఉంటుంది. దాన్ని తయారుచేసేదే మీ రిపోర్టులోని జన్యువు. కబురు అందగానే పిట్యూటరీ ఇంకో హార్మోన్ పంపుతుంది, దాంతో కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. కార్టిసాల్ చాలినంత పెరిగాక, ఇక చాలని మెదడే ఆపేస్తుంది. నెలల తరబడి తెరిపి లేకపోతే ఆ ఆపే శక్తి తగ్గుతుంది. అప్పుడు నిద్ర చెడుతుంది, బీపీ, షుగర్ పెరగొచ్చు.

ఈ జన్యువులో తేడాలున్నవారిలో, అదీ చిన్నతనంలో కష్టాలు పడ్డవారిలో, డిప్రెషన్ మీద ప్రభావం కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. మరికొన్నిటిలో అది కనిపించలేదు. ఈ రిసెప్టర్‌ను అడ్డుకునే మందులు డిప్రెషన్‌కు వాడి చూస్తే ఆశించిన ఫలితం రాలేదు. ఇలాంటి ఒక్క జన్యువును చూసి ఒక మనిషిని ‘తట్టుకోలేరు’ అనడం అన్యాయం. ఆ మాట మనసులోంచి తీసేయండి.

నాకు ఎక్కువ పట్టింపు మీ బీపీ గురించే. ఒక్కసారి చూసి తేల్చలేం. ఇంట్లో ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చొప్పున వారం రోజులు చూసి రాసుకోండి. సగటు 135/85 లేదా అంతకు మించితే చికిత్స గురించి ఆలోచించాలి. దయచేసి అమ్మగారి మాత్రలు మాత్రం వేసుకోకండి. దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు కాబట్టి ఆ పరీక్షలు, షుగర్, ఈసీజీ చేయించండి. సీజన్‌లో కొట్లో ఎన్ని టీలు తాగుతున్నారో లెక్కపెట్టండి, మధ్యాహ్నం దాటాక మానేయండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దిగులు, నిరాశ రెండు వారాలు దాటి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వారం తర్వాత ఆ బీపీ రాసుకున్న కాగితం పట్టుకుని దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి.