'రన్' దగ్గర కాస్త ఆగు

అమ్మలూ,

రోగులకిచ్చే కాగితాలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే పని నీకు దొరికిందని మీ అమ్మ చెప్పింది. గుండె పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. కష్టమైన వైద్యం మాటలొస్తే నువ్వు ఎలాగూ నిఘంటువు తీస్తావు. 'రన్' లాంటి మాటకు తియ్యవు. నా టెన్షనంతా అదే.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు 9 నెలలు దీని మీదే కూర్చున్నాడు. అవన్నీ నువ్వు బట్టీ పట్టక్కర్లేదు, పక్కన ఏ మాట ఉందో చూసుకో. ముక్కు రన్ అవుతోందంటే కారుతోందని. టెంపరేచర్ రన్ అవుతోందంటే జ్వరం ఉందని. షుగర్ ఫ్యామిలీలో రన్ అవుతుందంటే ఆ వంశంలో ఉందని. ఇక్కడ తప్పినా చదివేవాళ్లు సర్దుకుని అర్థం చేసుకుంటారు. నా భయం 'రన్ అవుట్'తోనే.

మూర్ఛ వచ్చే పిల్లల తల్లిదండ్రులకిచ్చే కాగితం ఒకటి, అచ్చయి పంచేశాక సరిదిద్దమని నా దగ్గరికి వచ్చింది. మందు రన్ అవుట్ కానివ్వకండి అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎవరో 'మందు కారిపోకుండా చూసుకోండి' అని రాశారు. చదివితే ఎక్కడా తప్పనిపించదు. ఒక తల్లి నాకు సీసా చూపించింది. మూత గట్టిగా బిగించి, పైన కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసింది. చుక్క కారలేదు. మందు అయిపోయాక, డాక్టరు రమ్మన్న రోజు దాకా ఆగుదామనుకుంది. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు. ఆ పిల్లాడికి అదే అయింది. బతికి బయటపడ్డాడు, అదే చాలు. "రాసినట్టే చేశానండీ" అని ఆవిడ ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. 'అయిపోకముందే తెచ్చుకోండి' అని రాయాల్సింది!

నీకసలే తొందర. ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు మొదలుపెట్టేదానివి, ఎన్ని మొట్టికాయలు తిన్నావో! ఇక్కడ ఆ తొందర పనికిరాదు. రాసింది ఇంగ్లీషు రానివాళ్లకు చదివి వినిపించు. అర్థమైందా అని అడగకు, అందరూ తలూపుతారు. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగు. గడువు దగ్గరపడిందని ఎవరు తరిమినా ఇది మాత్రం మానకు.

వేళకు తిను, కళ్లు పాడుచేసుకోకు తల్లీ. నీ మొదటి కాగితం అచ్చుకు వెళ్లకముందే నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ