ముందు ఒక్క పీరియడు మార్చు

హనుమకొండ

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా విన్నాను. పిల్లలు నోట్సు రాసుకుంటారే తప్ప నోరు విప్పరు, సిలబస్ పాతది, ప్రొజెక్టర్ పనిచేయదు, మొత్తం పద్ధతే మార్చేయాలి అన్నావు. అంతా బాగానే ఉంది గానీ, ఆ "మొత్తం" దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో నీ సబ్జెక్టే, ఆ స్టాటిస్టిక్సే, చెప్పి రిటైరైనవాణ్ని. వారానికి ఒక్క పీరియడు మార్చు. మిగతావి ఎప్పటిలాగే చెప్పు. సిలబస్ యూనివర్సిటీ బోర్డు చేతిలో ఉంటుంది, దాని జోలికి పోకు.

ఎందుకింత చిన్నగా అంటున్నానో విను. 2004లో పాఠాలు ప్రసారం చేయడానికని ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. ఆ తర్వాత నేను పనిచేస్తున్న కాలేజీ మీదికి ఒక డిష్షు వచ్చింది. మేమంతా కింద నిలబడి ఫొటో దిగాం. టీవీ ఒక గదిలో, ఆ గది తాళంచెవి అటెండర్ జేబులో. పాఠం వచ్చే వేళకు కరెంటు ఉండేది కాదు, కరెంటు ఉన్న వేళకు ఆ సబ్జెక్టు మా టైంటేబుల్లో ఉండేది కాదు. రెండో వానాకాలానికల్లా డిష్షు కాకులకు కూర్చోవడానికి పనికొచ్చింది. పాఠం అయిపోయాక క్లాసులో ఏం జరగాలో మాలో ఎవరమూ అనుకోలేదు, నాతో సహా.

దానికి భిన్నంగా, 1982లో హైదరాబాదులో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీని చూడు, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ. దేశంలో అదే మొదటిది. ఇంటర్ చదవనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి రానిచ్చారు, తెలుగులో మంచి పుస్తకాలు రాయించారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు వీలయ్యే రోజున క్లాసులు పెట్టారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇప్పటికీ ఆ పుస్తకాలు వెతుక్కుంటారు. మనలాంటి దేశంలో పైచదువు మారడమంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

సరే, నీ పీరియడు సంగతికి వస్తాను. సగటు, మధ్యగతం (వరసలో మధ్యన పడే విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ, ఇంగ్లిష్‌లో మోడ్) పదో తరగతి నుంచీ చదివినవే, అయినా డిగ్రీ పిల్లలకు అవి మూడు సూత్రాలుగానే ఉంటాయి. నువ్వు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ధరలతో మొదలుపెట్టు. పేపర్లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర అని మూడంకెలు వేస్తారు. ఆ "మోడల్" అంటే నమూనా అనుకుంటారు పిల్లలు. అది మోడ్ నుంచి వచ్చిన మాట, ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని చెప్పి చూడు, క్లాసు ఎట్లా తలెత్తుతుందో.

బోర్డు మీద ఐదు లాట్లు రాయి. క్వింటాకు 9,000, 12,000, 12,000, 12,500, 19,500 అనుకుందాం. సగటు 13,000. మధ్యగతం, బాహుళకం రెండూ 12,000. మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో వచ్చేది 19,500. నా క్లాసులో ఒకబ్బాయి లేచి, "మరి మా నాన్నకు పన్నెండు వేలే ఎందుకొచ్చింది సార్" అన్నాడు. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

అప్పుడు ప్రశ్న వెయ్యి: ఆ 19,500 లాటు 25,000కు పోతే ఈ మూడింట్లో ఏది మారుతుంది? జవాబు నువ్వు చెప్పకు. పాత పెళ్లికార్డుల అట్టలు కత్తిరించి రంగులు వేసుకోమను, జవాబుకొక రంగు, అందరూ ఒకేసారి ఎత్తాలి. సగం మంది తప్పెత్తితే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనివ్వు, మళ్లీ ఎత్తించు. చాలామంది తప్పెత్తితే నువ్వే మళ్లీ చెప్పు, చాలామంది సరిగ్గా ఎత్తితే ముందుకు పో. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఈ పద్ధతి తెచ్చాడు. లెక్కలు గబగబా చేసే ఆయన విద్యార్థులే మూలభావన మీద మామూలు ప్రశ్న అడిగితే తడబడ్డారట. మనది ఇంగ్లిష్ మీడియమే కావచ్చు, ఆ రెండు నిమిషాలు మాత్రం తెలుగులోనే కొట్లాడుకోనివ్వు. పరీక్షలో రాయాల్సిన పదాలు తర్వాత ఇంగ్లిష్‌లో రాయించు.

ఐఐటీల వాళ్ల ఎన్‌పీటీఈఎల్ పాఠాల వీడియోలు వాడుకో, వద్దనను. కానీ గంటసేపు పెట్టి నువ్వు కుర్చీలో కూర్చోకు. ఎనిమిది నిమిషాలు చూపించి, ఆపి, అట్టలు ఎత్తించు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఒక మార్చి నెలలో ఉత్సాహంగా నలభై మందిని వెంటేసుకుని యార్డుకు పోయాను, ఎవరికీ ముందు చెప్పలేదు. బస్తాల మధ్య పిల్లలు అడ్డం పడుతుంటే హమాలీలు కేకలేశారు, వ్యాపారులు మమ్మల్ని చూసి నోరు మెదపలేదు, మిర్చి ఘాటుకు సగం మంది తుమ్ముతూ బస్సెక్కారు. మరుసటి ఏడు యార్డు కార్యదర్శిని కలిసి, కాలేజీ లెటర్ ఇచ్చి, పొద్దున్నే ఆరుగురితో పోయాను. తేజ, వండర్ హాట్ అని రకం వారీగా ధరలు రాసుకొచ్చారు. మిగతావాళ్లకు ఆ కాగితాలే సరిపోయాయి.

ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని ఈ పీరియడుకు కలుపు, లేకపోతే మూడోవారానికి సగం మంది రారు. ఏటూరునాగారం వైపు పోయే పిల్లల బస్సు వేళ తెలుసుకో. ఆడపిల్లకు బస్సు తప్పితే ఇంట్లో కాలేజీ మాన్పిస్తారు. మేడారం జాతర రోజుల్లో క్లాసు ఎట్లాగూ నడవదు, కోటి మంది వచ్చారని పేపర్లో చదివాక ఆ కోటి ఎట్లా లెక్కపెట్టారో అడుగు. శాంప్లింగ్, అంటే కొందరిని లెక్కపెట్టి అందరినీ అంచనా వేయడం, చెప్పడానికి అంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు.

స్టాఫ్ రూంలో దీనికి పేరు పెట్టకు. పేరు పెట్టావంటే కాలేజీల నాణ్యత తనిఖీ చేసే న్యాక్ ఫైలులో బెస్ట్ ప్రాక్టీస్ కింద రాసేస్తారు, ఆపైన నువ్వు పాఠం వదిలి ఫొటోలు జమచేస్తూ కూర్చోవాలి. అడిగినవాళ్లకు మాత్రం క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చోమను.

యార్డుకు పిల్లలతో వచ్చే ముందురోజు ఫోన్ చెయ్యి, గేటు దగ్గర ఉంటాను. శని, ఆదివారాలు మాత్రం పెట్టుకోకు, కొనుగోళ్లుండవు. పిల్లలందరినీ రుమాళ్లు తెచ్చుకోమను.

మీ పెద్దబాపు