డార్క్‌రూమ్ డబ్బా దగ్గర గైగర్ కౌంటర్ ఎందుకు మోగింది?

ప్రశ్న: మా నాన్నగారు ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన డార్క్‌రూమ్ సామాను ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి రేడియోధార్మికతను టిక్కులతో తెలిపే గైగర్ కౌంటర్ తయారుచేసి వాటి దగ్గర పెట్టాడు. ఫొటో చెరిగిపోకుండా స్థిరపరిచే హైపో దగ్గర మామూలుగానే ఉంది. పొటాషియం కార్బొనేట్ డబ్బా మూత తీయగానే టిక్కులు పెరిగాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. పారేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పరికరం చక్కగా పనిచేస్తోంది. హైపోతో పోల్చి చూడాలనుకోవడం నాకు చాలా నచ్చింది. హైపోలో ఉండేది సోడియం. కార్బొనేట్ డబ్బాలోది పొటాషియం. ప్రకృతిలో దొరికే పొటాషియం ఏదైనా సరే, అందులో 0.0117 శాతం పొటాషియం-40 ఉంటుంది. అది రేడియోధార్మికం. కల్తీ కాదు, ఎవరో కలిపిందీ కాదు. దాని అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం) దాదాపు 125 కోట్ల ఏళ్లు కాబట్టి భూమి పుట్టినప్పటిది ఇంకా కొంత మిగిలి ఉంది.

ఇప్పుడు భయం సంగతి. అర కిలో కార్బొనేట్‌లో సుమారు 280 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో సెకనుకు 8,700 దాకా పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. వినడానికి పెద్ద అంకె. కానీ 70 కిలోల మనిషి ఒంట్లోనే 140 గ్రాముల పొటాషియం ఉంటుంది, అక్కడా సెకనుకు 4,300 దాకా జరుగుతూనే ఉంటాయి. ఆ డబ్బా ఇద్దరు పెద్దవాళ్లతో సమానం, అంతే. నాన్నగారికి దానివల్ల ఏమైనా జరిగిందేమోనన్న బాధ పెట్టుకోకండి. ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్‌లో వేసే పొటాషియం బ్రోమైడ్ సంగతీ ఇంతే.

నాకు దిగులు మిగతా సీసాల గురించి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో ఫొటో క్లబ్బుకు మందులు నేనే కలిపేవాణ్ణి, ఏ సీసాను పిల్లలకు అందకుండా పెట్టాలో తెలుసు. నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ పొడి ఊపిరితో లోపలికి పోతే క్యాన్సర్ ముప్పు ఉంది. ఎర్రటి ఫెర్రిసయనైడ్ స్ఫటికాలకు ఘాటైన యాసిడ్ తగిలి వేడెక్కితే విషవాయువు వస్తుంది. ఈ రెండింటినీ కాలవలో పోయకండి, చెత్తలో వేయకండి. దగ్గరి కాలేజీ కెమిస్ట్రీ విభాగాన్ని అడగండి.

పసుపు స్ఫటికాలున్న సీసా మీద యురేనియం నైట్రేట్ అని గనక ఉంటే మాత్రం మూత తీయవద్దు. ప్రింట్లకు ఎరుపు గోధుమ రంగు తేవడానికి ఒకప్పుడు వాడేవారు. అది కిడ్నీలకు విషం. తాళం వేసి, ముంబైలోని అణుశక్తి నియంత్రణ బోర్డుకు రాయండి.