ఎంత ఎత్తించాలో టైరును బట్టి తేల్చుకోవాలి

పెద్ద ఎస్‌యూవీకి మూడంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర మార్పులు చేసి బండిని పైకి లేపడం) చేయించి, ఆ తర్వాత పెద్ద టైర్లు వేయించుకుందామనుకుంటున్నానని, ఆ ఎత్తు సరిపోతుందా అని అడిగారు. నేనైతే ముందు టైరు సంగతి తేల్చుకోమంటాను. ఆ టైరు స్టీరింగ్ పూర్తిగా తిప్పినా, చక్రం పూర్తిగా పైకి అణిగినా ఎక్కడా రాసుకోకుండా ఉండటానికి ఎంత ఎత్తు కావాలో అంతే ఎత్తించండి. దానికి మించి పెంచేది చాలావరకు చూసేవాళ్ల కోసమే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాది టయోటా 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్. ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లే, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపే ఒకే గట్టి ఇరుసు. ఇలాంటి బండికి పొడవైన స్ప్రింగులు వేస్తే పైకి లేచేది ఛాసిస్, బాడీ మాత్రమే. ఎగుడుదిగుడు దారిలో రాయికి ముందుగా తగిలే డిఫరెన్షియల్ (ఇరుసు మీద, రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల గుండు) ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. 275/70 ఆర్16 సైజు టైరు నుంచి 285/75 ఆర్16 సైజుకు మారితే వ్యాసం 791 మిల్లీమీటర్ల నుంచి 834కు పెరుగుతుంది. డిఫరెన్షియల్ కింద దక్కేది అందులో సగం, అంటే 21 మిల్లీమీటర్ల పైచిలుకు. లిఫ్ట్ వల్ల లాభం లేదనడం లేదు. బంపర్ల కింద కోణాలు మెరుగవుతాయి, గట్టు దాటేటప్పుడు నడుము భాగం తగలదు. కానీ లిఫ్ట్ చేయిస్తే బండి కింద అంతా పైకి లేస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి.

నా బండికి రెండంగుళాల స్ప్రింగులు, వాటికి తగ్గ పొడవైన షాక్ అబ్జార్బర్లు వేయించాను. బిగింపు అయిపోయింది, బండి చూడముచ్చటగా ఉంది, మెకానిక్ తాళం చేతికివ్వబోయాడు. వెనక ఛాసిస్‌ను జాకీతో లేపి, చక్రాలు పూర్తిగా కిందికి వేలాడేలా చేసి చూపించమన్నాను. అతనికి నచ్చలేదు. "రోడ్డు మీద చక్రం ఇంత కిందికి ఎప్పుడూ దిగదు సార్" అన్నాడు. గోతిలోకి ఒక చక్రం దిగితే ఏమవుతుందని అడిగితే జవాబు లేదు. చివరికి లేపాడు. టార్చిలైటు పట్టుకుని కింద పడుకుని చూశాను. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కు వెళ్లే బ్రేక్ హోస్ (బ్రేక్ ద్రవం పారే రబ్బరు గొట్టం) వీణ తీగలా బిగుసుకుని ఉంది. వేలితో నొక్కితే కదలలేదు. షాక్ అబ్జార్బర్లు పొడవైనవి వేశారు కాబట్టి యాక్సిల్ మునుపటికంటే కిందికి దిగుతోంది, హోస్ మాత్రం పాత పొడవే. చక్రం వేలాడుతూ ఒక్క కుదుపు తగిలితే అది తెగిపోయేది. పొడవైన హోస్‌లు తెప్పించి వేసేదాకా బండి అక్కడే ఉంచాను. ఆ హోస్‌లు కిట్‌లో లేవు. అయినా పెట్టె మీద "సంపూర్ణ కిట్" అనే రాసి ఉంది! ఇలాంటి అమ్మకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉంటే కిట్ సంపూర్ణమైపోతుందా? ప్రాణాలు ఆధారపడేది బ్రేకుల మీద.

అదే పూట ఇంకొకటి కనిపించింది. వెనక యాక్సిల్‌కు ఒక చిన్న కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. బండి ఎంత బరువు మోస్తోందో వెనక భాగం ఎత్తును బట్టి గ్రహించి, వెనక బ్రేకులకు ఒత్తిడి పంచుతుంది. బండిని ఎత్తిస్తే బరువేమీ లేదనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయాలి. నేను అడిగేదాకా ఎవరూ దాని ఊసెత్తలేదు. పైగా పెద్ద టైరు బరువెక్కువ, వ్యాసం ఎక్కువ, దాన్ని ఆపడానికి బ్రేకు మీద పడే పని కూడా ఎక్కువ.

ముందు యాక్సిల్ విషయానికొస్తే, ఎత్తించగానే క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన వాలు) తగ్గుతుంది. వేగంలో స్టీరింగ్ నిలకడగా ఉండదు, మలుపు తర్వాత తనంతట తాను మధ్యకు రాదు. వీల్ అలైన్‌మెంట్ చేసేవాళ్లలో కొందరు కాగితం మీద ఎర్రగా కనిపించే ఆ అంకెను చూపించి, ఈ బండికి సరిచేసే వీలు లేదని పంపేస్తారు. వీలుంది. ఇలాంటి యాక్సిల్‌కు క్యాస్టర్ సరిచేసే బుష్‌లు (కీళ్లలో వేసే రబ్బరు గుబ్బలు) ప్రత్యేకంగా దొరుకుతాయి. యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ కూడా సర్దుకునే రకం వేయించకపోతే యాక్సిల్ ఒక పక్కకు జరిగి కూర్చుంటుంది.

మీది ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడివిడిగా పైకీ కిందికీ కదిలేది) ఉన్న బండి అయితే రెండంగుళాల దగ్గర ఆగిపోండి. అంతకు మించితే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల సీవీ జాయింట్లు (వంగుతూనే తిరిగే కీళ్లు) మరీ వంగిన కోణంలో తిరిగి త్వరగా అరిగిపోతాయి, రబ్బరు బూట్లు చిరుగుతాయి, డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు, చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే కొత్త ఆర్మ్‌లు కావాలి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) మీద స్పేసర్ ముక్క పెట్టి ఎత్తించే చవక పద్ధతి జోలికి వెళ్లొద్దు. చక్రం కిందికి దిగడానికి ఉన్న కాస్త చోటునూ అది మింగేస్తుంది.

స్పీడోమీటరు సంగతీ చూసుకోండి. అంతకుముందు అది 100 చూపించినప్పుడు అసలు వేగమూ 100 అయితే, నేను చెప్పిన టైరు మార్పు తర్వాత అది 100 చూపిస్తున్నప్పుడు బండి 105కి పైగా వెళ్తుంటుంది. ప్రతి గేరులోనూ ఇంజిన్ మీద భారం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఈడ్చినట్టు తెలుస్తుంది. హెడ్‌లైట్లు దించకపోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. మీ ప్రాంతంలో ఇలాంటి మార్పులకు అనుమతి ఉందో లేదో, బీమా చెల్లుతుందో లేదో డబ్బు ఖర్చు పెట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

టైర్లు కొనేటప్పుడు నాలుగు కాదు, ఐదు కొనండి. పాత సైజు స్పేర్ వేసి నడిపితే, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే బండిలో ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ విశ్రాంతి లేకుండా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని లాక్ చేసి గట్టి నేల మీద నడిపితే గేర్ల మీద ఒత్తిడి పేరుకుపోతుంది. కొత్త సైజు స్పేర్ బండి కింద దాని చోటులో పడుతుందో లేదో కొనకముందే కొలిచి చూసుకోండి.