మెల్‌బోర్న్‌లో మనల్ని ఓడించింది ఎవరు?

ప్రశ్న: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో మనల్ని ఓడించిన జట్టేదని బడిలో క్విజ్‌లో అడిగితే మా మనవడు ‘సెర్బియా’ అని రాశాడు. తప్పని కొట్టేశారు. ఫిఫా లెక్క ప్రకారమే రాశానని వాడి గోల. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కొట్టేసినవాళ్లదే ఒప్పండీ. కానీ మీవాడు ఊరికే రాయలేదు. ఆరోజు 4-1తో ఓడించింది యుగోస్లావియా. ఆ దేశం ముక్కలయ్యాక దాని పాత రికార్డులన్నీ ఫిఫా సెర్బియా ఖాతాలో వేసింది, ఉమ్మడి ఇల్లు ఒక్క కొడుకు పేరున రాసినట్టు.

మరి గోల్స్ కొట్టిందెవరో చూడండి. ముందు మన నెవిల్ డిసౌజానే కొట్టాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదనుకోండి. వాళ్ల నాలుగింటిలో రెండు జ్లాట్కో పాపెత్స్‌వి. ఆయన పుట్టింది జాగ్రెబ్‌లో, అంటే ఇప్పటి క్రొయేషియా. ఒకటి టోడోర్ వెసెలినోవిచ్‌ది, ఆయనది సెర్బియాలోని నోవిసాద్. నాలుగోది, చెప్పుకోవడానికే సిగ్గు, మనవాళ్లు మన గోల్లోనే వేసుకున్నది! ఆ లెక్కన సెర్బియా గడ్డ మీద పుట్టినవాడు కొట్టింది ఒక్కటే. రికార్డు మాత్రం మొత్తం వాళ్లదే.

ఇల్లు కూలకముందే గోడలు బీటలిచ్చాయి. 1990 జూన్‌లో జాగ్రెబ్‌లో యుగోస్లావియా, నెదర్లాండ్స్ ఆడితే సొంత జాతీయగీతానికే జనం ఈలలు వేసి గేలి చేశారు. ఆ ఏడాది ప్రపంచకప్‌లో యుగోస్లావియాకు గోల్ కొట్టిన రాబర్ట్ ప్రొసినెచ్కి, 1998లో క్రొయేషియాకూ కొట్టాడు. ఆటగాడొక్కడే, దేశాలు రెండు. ఇంకో విడ్డూరం, 2006 ప్రపంచకప్‌లో ‘సెర్బియా, మాంటెనెగ్రో’ పేరుతో ఒక జట్టు ఆడింది. అది మొదటి మ్యాచ్‌కు దిగేటప్పటికే మాంటెనెగ్రో విడిపోయింది. లేని దేశం జెర్సీతో మూడు మ్యాచ్‌లాడి మూడూ ఓడిపోయారు.

నన్నడిగితే, రికార్డు పుస్తకానికి వారసుడు కావాలి కాబట్టి ఫిఫా ఒకరిని చూపించింది, అంతే. క్విజ్‌లో మాత్రం ఆరోజు జెర్సీ మీదున్న పేరే రాయాలి. మీవాడికి సగం మార్కు వేయొచ్చు. నేనైతే వేసేవాణ్ని.

సికింద్రాబాద్‌వాణ్ని కదా, ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. మెల్‌బోర్న్‌లో మన కోచ్ హైదరాబాదీ రహీం సాబ్. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులోవాడే. ఆ సెమీఫైనల్ డిసెంబరులో జరిగింది. అప్పటికి నెల ముందే, నవంబరు 1న, హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై మాయమైంది. అయినా మన కుర్రాళ్లు ‘హైదరాబాద్’ పేరుతోనే, రాష్ట్రాల జట్లు పోటీపడే ఫుట్‌బాల్ కప్పు సంతోష్ ట్రోఫీ గెలిచారు. 1965-66లో అదే ట్రోఫీ ‘ఆంధ్రప్రదేశ్’ పేరుతో వచ్చింది. 2014 తర్వాత ఆ కప్పు ఏ రాష్ట్రానిదో మీరు అడగనందుకు ధన్యవాదాలు.